కనిపించని కవచం – 5: రెండుసార్లు పుట్టిన క్లస్టర్

గత భాగంలో: మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల టెలిఫోన్ మాటలు పొంచి వింటున్న జర్మన్ శాస్త్రవేత్త హైన్రిక్ బార్క్‌హౌజెన్ చెవిన వింత ఈలలు పడ్డాయి. అవి మెరుపుల్లో పుట్టి, భూమి అయస్కాంత బలరేఖలను పట్టుకుని వేల కిలోమీటర్లు పైకెళ్లి, అవతలి అర్ధగోళంలో దిగుతున్నాయని 1953లో కేంబ్రిడ్జ్ పరిశోధకుడు ఓవెన్ స్టోరీ తేల్చాడు. అంత ఎత్తున కూడా ఎలక్ట్రాన్లున్నాయని, అక్కడ ఉన్నది శూన్యం కాదు ప్లాస్మా అని ఆ ఈలలే చెప్పాయి. ఇక చదవండి.

1996 జూన్ 4, మంగళవారం. దక్షిణ అమెరికా ఈశాన్య తీరాన, ఫ్రెంచ్ గయానాలోని కూరూ ప్రయోగ కేంద్రం. మబ్బుల వల్ల కాసేపు ఆగిన కౌంట్‌డౌన్ మళ్లీ మొదలై, స్థానిక కాలమానం ప్రకారం తొమ్మిదిన్నర దాటాక సున్నాకు చేరింది. యూరప్ పదేళ్లు శ్రమించి తయారుచేసుకున్న ఏరియాన్ 5 రాకెట్‌కి అదే తొలి ప్రయాణం. దాని కొన మీద నాలుగు ఉపగ్రహాలు ఉన్నాయి. నాలుగూ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. నాలుగింటి పేరూ కలిపి క్లస్టర్.

ముప్పై ఆరు సెకన్ల దాకా అంతా సవ్యంగానే సాగింది. ఆ తర్వాత రాకెట్ హఠాత్తుగా పక్కకు ఒరిగింది. గాలి ఒత్తిడికి విరిగింది. తనను తాను పేల్చేసుకునే ఏర్పాటు పనిచేసి, దాదాపు 3,700 మీటర్ల ఎత్తున నిప్పుల ముద్దగా మారింది. శిథిలాలు మడ అడవుల చిత్తడిలో, గడ్డి మైదానాల్లో సుమారు 12 చదరపు కిలోమీటర్ల మేర చెల్లాచెదురుగా పడ్డాయి. సిబ్బంది ఆ బురదలో దిగి ముక్కలు ఏరారు. రాకెట్ దిశను లెక్కగట్టే రెండు పరికరాలూ దొరికాయి. వాటి జ్ఞాపకంలో మిగిలిన సమాచారమే జరిగినదాన్ని బయటపెట్టింది.

గణిత శాస్త్రవేత్త జాక్ లూయీ లియోన్స్ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం జులైలోనే నివేదిక ఇచ్చింది. తప్పు ఇంజిన్లలో లేదు, ఇంధనంలో లేదు. దిశా పరికరంలోని సాఫ్ట్‌వేర్ పాత ఏరియాన్ 4 నుంచి తెచ్చి పెట్టింది. అందులో ఒక చోట అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల సంఖ్యగా మార్చాలి. ఏరియాన్ 4 దారిలో ఆ సంఖ్య ఎప్పుడూ చిన్నదే. ఏరియాన్ 5 మొదటి నుంచీ అంతకంటే ఎంతో వేగంగా పక్కకు వంగుతూ వెళుతుంది కాబట్టి సంఖ్య పెద్దదై 16 బిట్లలో పట్టలేదు. పరికరం ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే సాఫ్ట్‌వేర్. అది అంతకు 72 మిల్లీసెకన్ల లోపే, అదే కారణంతో మూగబోయి ఉంది. ఆగిపోతూ పరికరం పంపిన దోష సంకేతాన్ని రాకెట్ కంప్యూటర్ నిజమైన దిశా సమాచారమని నమ్మి, లేని తప్పును సరిదిద్దబోయి ఇంజిన్ నాజిళ్లను పూర్తిగా తిప్పేసింది. అన్నిటికంటే బాధ కలిగించే విషయం ఇంకొకటి: ఆ లెక్క చేసే భాగానికి ఏరియాన్ 5 నేల వదిలాక అసలు పనే లేదు.

రాకెట్ కథ ఇంతటితో ఆపుదాం. మన కథ దాని కొన మీద ఉన్న నాలుగు ఉపగ్రహాలది. ఒక్కటి చాలదా, నాలుగెందుకు? ఒక్కసారి పోయాక మళ్లీ నాలుగూ కట్టాలని ఎందుకు పట్టుబట్టారు?

ఢీకొనని కణాల లోకం

గదిలో గాలి అణువులు క్షణక్షణం ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటాయి. వేడి పంచుకునేది, వేగం సర్దుకునేది ఆ ఢీకొట్టుకోవడంలోనే. భూమి దగ్గరి అంతరిక్షంలో ఆ వీలు లేదు. సూర్యుడి నుంచి సెకనుకు 400 కిలోమీటర్లకు అటూఇటూగా వీచే సౌర పవనంలో ఒక కణం మరో కణాన్ని ఢీకొనేలోపు సగటున సాగే దూరం ఇంచుమించు సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నంత. అయినా ఆ పవనం భూమి అయస్కాంత క్షేత్రానికి ఎదురైనచోట ఒక్కసారిగా మందగిస్తుంది, వేడెక్కుతుంది. ఆ చోటికి బో షాక్ అని పేరు. ఢీకొనకుండానే కణాలు వేడెక్కడం ఎలా?

ఆ పని తరంగాలు చేస్తాయి. ప్లాస్మాలోని ప్రతి కణానికీ విద్యుదావేశం ఉంది కనుక ఒక గుంపు కదిలితే విద్యుత్ క్షేత్రం కదులుతుంది, అయస్కాంత క్షేత్రం ఊగుతుంది, ఆ ఊగిసలాట దూరాన ఉన్న మరో గుంపును తాకుతుంది. ఒకచోటి కణాల నుంచి శక్తి తీసుకుని వేరొకచోటి కణాలకు ఇచ్చేది తరంగమే. స్వీడన్ శాస్త్రవేత్త హానెస్ ఆల్వెన్ 1942లో ఊహించిన తరంగాలు బలరేఖల వెంట, లాగి వదిలిన తీగెలో కంపనంలా సాగుతాయి. ఆ కృషికే 1970లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. బార్క్‌హౌజెన్ విన్న ఈలలు మరో రకం. తెల్లవారుజామున చెట్ల మీద పక్షులన్నీ ఒక్కసారి కూసినట్టు వినిపించే కోరస్ తరంగాలు ఇంకో రకం. ఇవి రేడియేషన్ వలయాల్లోని కొన్ని ఎలక్ట్రాన్లను ఉపగ్రహాల ఎలక్ట్రానిక్స్‌ను చెడగొట్టేంత శక్తికి చేరుస్తాయి. మరికొన్నింటిని వాతావరణంలోకి నెట్టి ధ్రువ కాంతిని వెలిగిస్తాయి.

కాబట్టి భూమి చుట్టూ శక్తి ఎటు నుంచి ఎటు వెళుతోందో తెలియాలంటే తరంగాల పుట్టుక, దిశ, పొడవు, వేగం తెలియాలి. ఇక్కడే ఒక్క ఉపగ్రహం చేతులెత్తేస్తుంది.

ఒంటరి సాక్షి చెప్పలేనిది

నడి ఎండలో పొలంలో నిలబడ్డ ఒక్క మనిషి మీద నీడ పడిందనుకోండి. మబ్బు ఎక్కడినుంచో నడిచి వచ్చిందా, తన తల మీదే కమ్ముకుందా అన్నది అతను చెప్పలేడు. నాలుగు గట్ల మీద నలుగురు నిలబడి, నీడ ఎవరి మీద ఎప్పుడు పడిందో చెప్పుకుంటే మబ్బు దిశా వేగమూ ఇట్టే తేలుతాయి.

అంతరిక్షంలో చిక్కు ఇదే. ఒక ఉపగ్రహంలోని మాగ్నెటోమీటర్ ముల్లు ఒక్కసారి ఎగిరిందంటే, ఉపగ్రహం స్థిరంగా ఉన్న ఒక గోడను దాటి ఉండవచ్చు. లేదా గోడే కదిలి వచ్చి దాన్ని దాటి ఉండవచ్చు. లేదా ఆ ప్రాంతమంతా ఒకేసారి మారి ఉండవచ్చు. భూమి అయస్కాంత ఆవరణానికీ సౌర పవనానికీ సరిహద్దు అయిన మాగ్నెటోపాజ్ సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఉపగ్రహం వేగం దానితో పోలిస్తే చాలా తక్కువ. ఒక్క ప్రయాణంలోనే ఆ సరిహద్దు పలుమార్లు దాన్ని దాటిపోతుంటుంది. కాలంలో మార్పు, చోటులో మార్పు ఒకే గీతలో కలిసిపోయి, విడదీయరాకుండా కూర్చుంటాయి.

1977 అక్టోబర్ 22న నాసా, యూరప్ కలిసి ఐసీ 1, 2 జంటను పంపినప్పుడు ఈ ముడి కొంత విడింది. రెండు ఉపగ్రహాల మధ్య సమయం తేడాను బట్టి సరిహద్దు వేగం, మందం అంచనాకొచ్చాయి. కానీ రెండు బిందువులు కలిపితే వచ్చేది ఒక గీత. ఆ గీతకు అడ్డంగా జరిగేది వాటికి తెలియదు. మూడు బిందువులు ఒక తలాన్ని ఇస్తాయి. ఆ తలానికి పైనా కిందా జరిగేది ఇంకా చీకటే. మూడు కొలతల చోటును పట్టుకోవాలంటే కనీసం నాలుగు బిందువులు కావాలి, అవి ఒకే తలంలో ఉండకూడదు. ముక్కోణం పునాదిగా లేచిన పిరమిడ్‌కి నాలుగు మూలల్లా నిలవాలి.

1982లో యూరప్ శాస్త్రవేత్తలు తమ అంతరిక్ష సంస్థ ముందు పెట్టిన ప్రతిపాదన అదే. 1986లో అది ఆమోదం పొందింది. సూర్యుణ్ణి చూసే సోహో ఒక పక్క, భూమి ఆవరణాన్ని కొలిచే క్లస్టర్ మరో పక్క. సోహో 1995 డిసెంబర్‌లో క్షేమంగా వెళ్లింది. క్లస్టర్ కూరూ చిత్తడిలో పడింది.

ఫీనిక్స్

ప్రమాదం జరిగిన నెలలోనే చర్చ మొదలైంది. మిగిలిపోయిన విడిభాగాలతో ఒక ఉపగ్రహం కట్టవచ్చు. 1996 జులైలో దానికి అనుమతి వచ్చింది. బూడిదలోంచి లేచే పక్షి పేరు మీద దానికి ఫీనిక్స్ అని పేరు పెట్టారు. కానీ ఒక్క ఫీనిక్స్ ఏం చేయగలదు? ఎంత మంచి పరికరాలు పెట్టినా పాత ఒంటరి సాక్షే. పరికరం పదును పెరిగితే ఆ గీత మరింత స్పష్టంగా కనిపిస్తుంది తప్ప, కాలమా చోటా అన్న సందేహం తీరదు. శాస్త్రవేత్తలు నాలుగూ కావాలని గట్టిగా అడిగారు. పది పన్నెండేళ్ల పని కళ్ల ముందు కాలిపోయిన మనుషులు, అదే పని మళ్లీ మొదటి స్క్రూ నుంచి చేస్తామని నిలబడ్డారు. 1997 ఏప్రిల్‌లో మిగిలిన మూడింటికీ అనుమతి దొరికింది.

ఈసారి రాకెట్ రష్యాది. కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి 2000 జులై 16న సోయుజ్ రాకెట్ రెండింటిని, ఆగస్టు 9న మరో సోయుజ్ మిగతా రెండింటిని తీసుకెళ్లాయి. ప్రజల నుంచి పేర్లు ఆహ్వానిస్తే వేల సూచనలు వచ్చాయి. గెలిచినవి నాలుగు నృత్యాల పేర్లు: రుంబా, సల్సా, సాంబా, టాంగో.

ఒక్కొక్కటి 2.9 మీటర్ల వెడల్పు, 1.3 మీటర్ల ఎత్తున్న డప్పు ఆకారం. బరువు 1,200 కిలోలు, అందులో సగానికి పైగా ఇంధనమే. నాలుగు సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడే నాలుగు సన్నని తీగెలను బిగువుగా చాచి ఉంచుతుంది. ఒక్కో తీగె పొడవు సుమారు 44 మీటర్లు, చివర ఎనిమిది సెంటీమీటర్ల గోళం. ఎదురెదురు గోళాల మధ్య వోల్టేజీ తేడా చూస్తే విద్యుత్ క్షేత్రం తెలుస్తుంది. అయస్కాంత ఊగిసలాటను పట్టే తీగచుట్టలు మరో గట్టి కడ్డీ చివర, ఉపగ్రహం సొంత విద్యుత్ రొద సోకని దూరంలో ఉంటాయి. విస్పర్ అనే పరికరం ఊరికే వినదు. ఆ పొడవాటి తీగెల ద్వారా చిన్న రేడియో స్పందన పంపి, ప్లాస్మా ఏ పౌనఃపున్యం దగ్గర గట్టిగా మారుమోగిందో చూస్తుంది. దాన్నిబట్టి ఘన సెంటీమీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో లెక్క తేలుతుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాన్ గర్నెట్ బృందం చేసిన పరికరం తరంగాలను ఏ కత్తిరింపూ లేకుండా పచ్చిగా రికార్డు చేసి నేరుగా భూమి మీది పెద్ద యాంటెనాలకు పంపుతుంది. విద్యార్థిగా ఉన్నప్పుడే 1960ల మొదట్లో ఉపగ్రహంలో ఇలాంటి రిసీవర్ పెట్టిన మనిషి గర్నెట్. స్వీడన్, ఫ్రాన్స్, బ్రిటన్, అమెరికా బృందాల ఐదు తరంగ పరికరాలు ఒకే జట్టుగా పనిచేశాయి. మొత్తం మీద ప్రతి ఉపగ్రహంలో 11 పరికరాలు ఉన్నాయి.

కక్ష్య కూడా ఆలోచించి ఎంచుకున్నదే. భూమికి 19,000 కిలోమీటర్ల దగ్గరకు వచ్చి, 1,19,000 కిలోమీటర్ల దూరం పోయి, 57 గంటల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ధ్రువాల మీదుగా సాగే ఈ దారిలో ఏడాది పొడుగునా సౌర పవనం, బో షాక్, మాగ్నెటోపాజ్, రాత్రి వైపు తోక అన్నీ వంతుల వారీగా తగులుతాయి. నాలుగూ నిరంతరం చక్కని పిరమిడ్‌లా ఉండటం సాధ్యం కాదు. భూమికి దగ్గరైనప్పుడు పూసల దండలా ఒకే వరుసలోకి సాగుతాయి. అందుకే ఏ ప్రాంతంలో పిరమిడ్ సరిగ్గా నిలవాలో ముందే తేల్చుకుని, జర్మనీలోని డార్మ్‌స్టాట్ కేంద్రం నుంచి ఇంజిన్లు వెలిగించి కక్ష్యలు సర్దేవారు.

నాలుగు గడియారాలు, మూడు తేడాలు

ఈ అమరికతో లెక్క ఎలా సాగుతుందో చూద్దాం. ఒక సరిహద్దు నాలుగు ఉపగ్రహాలను నాలుగు వేర్వేరు క్షణాల్లో దాటింది. మొదటి క్షణంతో పోలిస్తే మూడు సమయం తేడాలు వస్తాయి. తెలియనివీ మూడే: మూడు దిశల్లో దాని కదలిక. మూడు సమీకరణాలు, మూడు అజ్ఞాతాలు. సరిహద్దు చదునుగా ఉండి ఒకే వేగంతో సాగుతోందనుకుంటే, అది ఎటు తిరిగి ఉందో, ఎంత వేగంతో వచ్చిందో తేలిపోతుంది. నాలుగు చోట్ల అయస్కాంత క్షేత్రం తెలిస్తే మధ్యలో ప్రవహించే విద్యుత్తు ఎంతో కూడా ఆంపియర్ సూత్రంతో లెక్కకు వస్తుంది.

తరంగాల సంగతి ఇంకాస్త జటిలం. ఒకే సమయంలో అనేక తరంగాలు వేర్వేరు దిశల నుంచి వచ్చి కలిసిపోతాయి. ఫ్రాన్స్‌లోని ఓర్లియాన్స్‌లో పనిచేసే జాన్ లూయీ పాన్సోన్, ఫ్రాన్స్వా లెఫూవ్ర్ 1991లోనే, క్లస్టర్ ఇంకా కాగితాల మీద ఉండగానే, నాలుగు చోట్ల రికార్డైన సంకేతాలను కలిపి ఏ దిశలో, ఏ తరంగదైర్ఘ్యంతో, ఎంత శక్తి వెళుతోందో వడకట్టే పద్ధతి తయారుచేశారు. దీనికి ఒక షరతు ఉంది. ఉపగ్రహాల మధ్య దూరం కంటే తరంగం మరీ పొట్టిదైతే, నడుమ ఎన్ని అలలు దాటిపోయాయో చెప్పలేక లెక్క తప్పుతుంది. మరీ పొడవైతే నాలుగు చోట్లా కొలత ఒకేలా ఉండి తేడా చిక్కదు. అందుకే క్లస్టర్ ఉపగ్రహాల మధ్య దూరాన్ని కొన్ని కిలోమీటర్ల నుంచి వేల కిలోమీటర్ల దాకా మారుస్తూ వచ్చారు. దూరం మార్చిన ప్రతిసారీ కొత్త పరిమాణం గల సంగతులు కంటికి ఆనాయి.

మూడు ఉదాహరణలు చాలు.

2001 నవంబర్ 20న క్లస్టర్ అయస్కాంత ఆవరణం సాయంకాలం వైపు అంచున ఉంది. వేగంగా వెళ్లే సౌర పవనం, నెమ్మదిగా ఉన్న లోపలి ప్లాస్మా ఒరుసుకునే చోటు అది. అక్కడ అలలు లేస్తాయని ఎప్పటినుంచో తెలుసు. అవి ఉత్త అలలుగానే పోతాయా, లేక విరిగి సుడులుగా చుట్టుకుని బయటి ప్లాస్మాను లోపలికి లాగుతాయా? ఒక్క ఉపగ్రహం గీత చూసి ఇది తేల్చడం కుదరలేదు. నాలుగు ఉపగ్రహాల కొలతలు పక్కపక్కన పెట్టి హిరోషి హసెగావా బృందం సుడులు నిజంగానే చుట్టుకున్నాయని 2004లో నేచర్ పత్రికలో చూపించింది. సౌర పవనం మన ఆవరణంలో చొరబడే దారుల్లో ఒకటి అలా రుజువైంది.

2002 ఏప్రిల్ 18న అయస్కాంత తుఫాను నడుస్తుండగా నాలుగు ఉపగ్రహాలూ భూ అయస్కాంత మధ్యరేఖ దగ్గర కోరస్ తరంగాలు పుట్టే చోటి గుండా వెళ్లాయి. సెకనులో చిన్న భాగం పాటు పైకి లేచే కూతల్లాంటి సంకేతాలవి. ప్రాగ్ శాస్త్రవేత్త ఒంద్రెయ్ సాంటోలిక్, గర్నెట్ కలిసి ఒక్కో కూత నాలుగు చోట్ల ఎంత పోలికగా ఉందో చూశారు. ఉపగ్రహాలు బలరేఖలకు అడ్డంగా దగ్గరగా ఉంటే కూతలు కలిశాయి, దూరమయ్యే కొద్దీ పోలిక చెదిరింది. ఆ చెదిరే దూరాన్నిబట్టి కూత పుట్టే చోటు వెడల్పు వంద కిలోమీటర్ల స్థాయిలో ఉందని తేలింది. వేల కిలోమీటర్ల రేడియేషన్ వలయంలో ఎలక్ట్రాన్లను తరిమే తరంగం అంత చిన్న మూలాల నుంచి లేస్తోందన్నమాట.

మూడోది పాత చిక్కుముడి. భూ అయస్కాంత మధ్యరేఖ దగ్గర ఒక రకం రొద వినిపిస్తుందని క్రిస్టఫర్ రసెల్ 1960లలోనే ఉపగ్రహ సమాచారంలో గుర్తించాడు. క్రమం లేని రొదగానే అది పుస్తకాలకెక్కింది. 2013 జులై 6న క్లస్టర్‌లోని రెండు ఉపగ్రహాలు ఒకదానికొకటి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఆ ప్రాంతం దాటాయి. షెఫీల్డ్‌కు చెందిన మైఖేల్ బాలిఖిన్ బృందం ఆ రికార్డును విడదీసి చూస్తే రొద మాయమై, సమాన దూరాల్లో పేర్చిన సన్నని గీతలు బయటపడ్డాయి. ప్రోటాన్ బలరేఖ చుట్టూ తిరిగే పౌనఃపున్యానికి సరిగ్గా గుణిజాలవి. శక్తినిచ్చేది ప్రోటాన్లేనన్న సిద్ధాంతానికి అంతకంటే శుభ్రమైన సాక్ష్యం లేదు. అర్ధ శతాబ్దం రొద అనుకున్నది క్రమబద్ధమైన శ్రుతి అని 2015లో ప్రపంచానికి తెలిసింది.

పది కిలోమీటర్ల పిరమిడ్

క్లస్టర్ నేర్పిన పాఠాన్ని నాసా మరింత చిన్న కొలతకు తీసుకెళ్లింది. 2015 మార్చిలో ఫ్లోరిడా నుంచి ఒకే అట్లాస్ రాకెట్ మీద ఒకదానిపై ఒకటి పేర్చి నాలుగు ఎంఎంఎస్ ఉపగ్రహాలను పంపింది. ఇవి పది కిలోమీటర్లు, అంతకంటే తక్కువ దూరానికి కూడా దగ్గరవుతాయి. ఎలక్ట్రాన్ల పూర్తి కొలతను 30 మిల్లీసెకన్లకు ఒకసారి తీస్తాయి. క్లస్టర్‌కి ఆ పనికి ఒక చుట్టు తిరగాలి, అంటే నాలుగు సెకన్లు. అదే ఏడాది అక్టోబర్ 16న ఎంఎంఎస్, బలరేఖలు తెగి మళ్లీ అతుక్కునే చోటి నడిబొడ్డు గుండా వెళ్లి, అక్కడ ఎలక్ట్రాన్లు ఏం చేస్తాయో తొలిసారి దగ్గరగా చూసింది. తర్వాత జపాన్ శాస్త్రవేత్త నరితోషి కితమురా బృందం ఇంకో మెట్టు ఎక్కింది. ఒక తరంగం వేడి ప్రోటాన్ల నుంచి శక్తి తీసుకోవడం, అదే తరంగం హీలియం అయాన్లకు శక్తి ఇవ్వడం రెండింటినీ ఎంఎంఎస్ కొలతల్లో నేరుగా పట్టి 2018లో ప్రకటించింది. ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, మధ్యలో తరంగం, ముగ్గురి లెక్కా ఒకే పుస్తకంలో దొరికింది.

మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న వెళ్లిన ఆదిత్య ఎల్1 ఈ వరుసలో ముందు కాపలా లాంటిది. భూమికి సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన సౌర పవనాన్ని, దాని అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తోంది. అక్కడ దాటిన పవనం భూమి సరిహద్దును తాకాక ఏ తరంగాలు లేచాయో చెప్పాలంటే ఇక్కడ గుంపుగా తిరిగే ఉపగ్రహాలు కావాల్సిందే. లద్దాఖ్‌లోని హన్లే ఆకాశాన్ని కూడా ఎర్రబరిచిన 2024 మే తుఫాను రోజుల్లో, రెండేళ్ల పనికని పంపిన క్లస్టర్ ఇంకా కక్ష్యలోనే ఉంది.

అదే ఏడాది సెప్టెంబర్ 8న సల్సాను దక్షిణ పసిఫిక్ మీద జనావాసాలకు దూరంగా వాతావరణంలోకి దించారు. ఎక్కడ పడాలో ముందే ఎంచి, అందుకు తగ్గట్టు కక్ష్యను ఆ ఏడాది జనవరిలోనే సర్దారు. అది కాలే తీరును ఒక విమానంలోంచి చిత్రీకరించారు. క్లస్టర్ కొలతలు ఎవరైనా తీసుకుని పరిశోధించుకునేందుకు యూరప్ భాండాగారంలో తెరిచి ఉన్నాయి.

అయితే రేడియేషన్ వలయాలకు సంబంధించిన ఒక పెద్ద ప్రశ్నకు జవాబు దొరికింది క్లస్టర్‌లో కాదు. భూమికి దగ్గరగా ఉన్న చల్లని ప్లాస్మాలో హిస్ అనే బుసలాంటి తరంగం ఎల్లవేళలా వినిపిస్తుంది. అది పుట్టేది అక్కడేనా, బయటి నుంచి వస్తోందా అన్న వాదన నలభై ఏళ్లు నడిచింది. 2007 ఫిబ్రవరి 17న ఒకే రాకెట్ మీద వెళ్లిన థెమిస్ ఉపగ్రహాలు ఐదు. వాటిలో ఒకటి బయట కోరస్ వింటుండగా మరొకటి లోపల హిస్ వింటున్న అదృష్ట క్షణం ఎలా కలిసొచ్చిందో, కొద్ది సెకన్ల తేడా ఆ వాదనను ఎటు మలుపు తిప్పిందో వచ్చే భాగంలో.

(సశేషం)